భూటాన్ అంటే ‘ఆనంద సూచీ’ ఒక్కటేనా? పొరుగు దేశాన్ని పుస్తకాల్లో చదివే దారి

2025 నవంబరు 11, 12 తేదీల్లో ప్రధాని నరేంద్ర మోదీ భూటాన్ వెళ్లొచ్చారు. 1,020 మెగావాట్ల పునాత్సాంగ్‌చు-2 జలవిద్యుత్ కేంద్రాన్ని ఆ దేశ రాజుతో కలిసి ప్రారంభించారు. ఇంధన ప్రాజెక్టులకు రూ.4,000 కోట్ల రుణ సదుపాయం ప్రకటించారు. అంతకు ఆరు వారాల ముందు, సెప్టెంబరు 29న, భూటాన్‌కు తొలి రైలు మార్గాల ప్రకటన వచ్చింది. అస్సాంలోని కోక్రాఝార్ నుంచి గెలెఫుకు 69 కిలోమీటర్లు, పశ్చిమ బెంగాల్‌లోని బానర్‌హాట్ నుంచి సంత్సేకు 20 కిలోమీటర్లు. రెండింటికీ కలిపి ఖర్చు సుమారు రూ.4,033 కోట్లు.

ఈ అంకెలన్నీ మీ కరెంట్ అఫైర్స్ నోట్సులో ఇప్పటికే ఎక్కి ఉంటాయి. వాటి పక్కన ఇంకో మూడు బిట్లు ఉంటాయి. రాజధాని థింఫు, కరెన్సీ న్గుల్ట్రమ్, స్థూల జాతీయ ఆనందం. ప్రిలిమ్స్‌లో ఒక మార్కు తెచ్చుకోవడానికి ఇవి చాలు. కానీ ప్రశ్న కాస్త మారితే? ‘2017 జనగణన ప్రకారం 7 లక్షల 35 వేల మంది ఉన్న దేశానికి మనం ఎందుకు రైలు వేస్తున్నాం?’ అని మెయిన్స్‌లోనో, ఇంటర్వ్యూ బోర్డులోనో అడిగితే ఈ మూడు బిట్లు రెండో వాక్యం దాకా కూడా తీసుకుపోవు.

ఆ దేశం సైజు మన లెక్కలో చూడండి. భూటాన్ విస్తీర్ణం 38,394 చదరపు కిలోమీటర్లు. విడిపోక ముందున్న పాత కర్నూలు జిల్లాకు రెండింతల కంటే కొంచెం ఎక్కువ. జనాభా మాత్రం పాత జిల్లాలో ఐదో వంతు కూడా లేదు. ఇంత చిన్న దేశం చైనాకూ మనకూ మధ్య నిలబడి, ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలోని ఐదు శాశ్వత సభ్య దేశాల్లో ఒక్కదానితోనూ దౌత్య సంబంధాలు పెట్టుకోకుండా నెట్టుకొస్తోంది. ఎట్లా? దీనికి జవాబు మ్యాగజైన్ బిట్లలో దొరకదు, పుస్తకాల్లో దొరుకుతుంది. అయితే ఏదో ఒక్క పుస్తకం చదివి ఆపేస్తే ఒక్క వైపే కనిపిస్తుంది. ఈ దేశం గురించి రాసినవాళ్లు రకరకాలు. రాజకుటుంబం వాళ్లున్నారు, బ్రిటిష్ అధికారులున్నారు, మన అధికారులున్నారు, పాఠం చెప్పడానికి వెళ్లిన టీచరుంది, ఆ దేశం వదిలిపోయినవాళ్ల మాటలు రికార్డు చేసిన పరిశోధకుడున్నాడు. ఎవరు ఎక్కడ నిలబడి రాశారో చూసుకుంటూ చదవడమే ఇక్కడ అసలు పని.

మొదలు మన జిల్లాలోనే ఉంది

హిమాలయాల బౌద్ధం మనకు దూరం అనుకోనక్కర్లేదు. గూడూరు నుంచి (నెల్లూరు వైపు గూడూరు కాదు, కర్నూలు పక్కన మన గూడూరు) పత్తికొండ దాటి గుత్తి రోడ్డు పడితే ఎర్రగుడి వస్తుంది. అక్కడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. పెద్ద శాసనాలు, చిన్న శాసనాలు రెండూ ఒకేచోట ఉండటం ఎర్రగుడి ప్రత్యేకత. పత్తికొండ దగ్గరే రాజుల మందగిరిలో ఇంకో చిన్న శాసనం ఉంది. క్రీస్తు పూర్వం మూడో శతాబ్దంలోనే బౌద్ధం మాట మన నేలకు చేరిందనడానికి ఇవి సాక్ష్యం.

అక్కడి నుంచి అమరావతికి రండి. బుద్ధుడు కాలచక్ర తంత్రాన్ని ధాన్యకటకంలో బోధించాడని టిబెట్ బౌద్ధ సంప్రదాయం చెబుతుంది. ఇది చరిత్ర రుజువు చేసిన సంగతి కాదు, వాళ్ల నమ్మకం. కానీ ఆ నమ్మకం బలం చూడండి. లాసా దగ్గరి సుప్రసిద్ధ డ్రెపుంగ్ మఠం పేరు ధాన్యకటకం అన్న మాటకు టిబెటన్ రూపమే. 2006 జనవరిలో దలైలామా అమరావతికే వచ్చి కాలచక్ర దీక్ష ఇచ్చారు. నాగార్జునుడి మాధ్యమిక తత్వం నేటికీ భూటాన్ బౌద్ధ విద్యాలయాల్లో పాఠ్యాంశం. గ్రూప్స్‌కు చదివేవాళ్ల దగ్గర బీఎస్ఎల్ హనుమంతరావు గారి ‘ఆంధ్రుల చరిత్ర’ ఎట్లాగూ ఉంటుంది. అందులోని బౌద్ధం అధ్యాయాన్ని ముందు ఒకసారి తిరగేయండి. మహాయానం, వజ్రయానం అన్న మాటలు అక్కడ పట్టుబడితే భూటాన్ చరిత్రలో సగం బరువు దిగిపోతుంది.

మొదటి పుస్తకం ఏది?

ఒక్కటే కొనగలను అనేవాళ్లకు నా సలహా కర్మ ఫుంత్షో రాసిన ‘ది హిస్టరీ ఆఫ్ భూటాన్’. 2013లో వచ్చింది. ఈయన భూటాన్ మనిషి. బౌద్ధ భిక్షువుగా శిక్షణ పొంది, ఆ తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో డాక్టరేట్ చేశారు. అంటే మఠాల్లోని పాత గ్రంథాలూ చదవగలరు, యూనివర్సిటీ పద్ధతిలో ప్రశ్నించనూ గలరు. ఇది లావు పుస్తకం, మొదటి పేజీ నుంచి చివరిదాకా వరసగా చదవక్కర్లేదు. మీకు కావాల్సిన మలుపులు మూడే. 1616లో టిబెట్ నుంచి వచ్చిన షబ్‌డ్రుంగ్ నవాంగ్ నామ్‌గ్యాల్ చిన్న చిన్న లోయలను కలిపి ఒక దేశం చేయడం మొదటిది. 1907 డిసెంబరు 17న ఉగ్యెన్ వాంగ్‌చుక్ తొలి వంశపారంపర్య రాజు కావడం రెండోది. 2008లో రాజ్యాంగం, ఎన్నికలు రావడం మూడోది.

మూడో మలుపు దగ్గర కాస్త ఆగండి. నాలుగో రాజు జిగ్మే సింగ్యే వాంగ్‌చుక్ తన అధికారం తానే తగ్గించుకుని, 2006 డిసెంబరులో గద్దె కొడుక్కి అప్పగించారు. జనం రోడ్డెక్కి అడగకుండానే రాజు ప్రజాస్వామ్యం ఇచ్చాడన్నది ప్రచారంలో ఉన్న కథ. ఇది నిజమే. కానీ పూర్తి నిజం కాదు. ఎందుకో కింద చూద్దాం.

షబ్‌డ్రుంగ్ కాలం, రాచరికం పుట్టుక మీద లోతుగా వెళ్లాలంటే మైకేల్ ఏరిస్ పుస్తకాలున్నాయి. ఈయన భూటాన్ రాజకుటుంబం పిల్లలకు పాఠాలు చెప్పిన ఇంగ్లిష్ పండితుడు, ఆంగ్ సాన్ సూకీ భర్త. 1994లో వచ్చిన ‘ది రేవెన్ క్రౌన్’ రాచరికం ఎట్లా పుట్టిందో చెబుతుంది. చరిత్ర ఆప్షనల్ వాళ్లకు తప్ప మిగతావాళ్లకు ఇది తప్పనిసరి కాదు.

పుస్తకం కంటే ముందు ఒప్పందం చదవండి

భారత్-భూటాన్ సంబంధాల మీద వంద వ్యాసాలు చదివే బదులు నాలుగు ఒప్పందాల అసలు పాఠాలు పక్కపక్కన పెట్టుకోండి. అన్నీ చిన్నవే, ఒక సాయంత్రం పని.

- 1865 సించులా ఒప్పందం: డ్వార్ యుద్ధం తర్వాత కుదిరింది. బెంగాల్, అస్సాం వైపు కొండ కింది సారవంతమైన నేలను బ్రిటిష్ వాళ్లు తీసుకున్నారు. బదులుగా ఏడాదికి రూ.50 వేలు ఇచ్చే ఏర్పాటు.
- 1910 పునాఖా ఒప్పందం: ఆ మొత్తం లక్ష అయింది. లోపలి వ్యవహారాల్లో జోక్యం ఉండదు, విదేశీ వ్యవహారాల్లో మాత్రం బ్రిటిష్ సలహా మేరకు నడుచుకోవాలి.
- 1949 ఆగస్టు 8 డార్జిలింగ్ ఒప్పందం: బ్రిటన్ స్థానంలో స్వతంత్ర భారత్ వచ్చింది. మొత్తం రూ.5 లక్షలకు పెరిగింది, దేవన్‌గిరి ప్రాంతంలో 32 చదరపు మైళ్లు తిరిగిచ్చారు. విదేశాంగంలో సలహా అన్న మాట రెండో అధికరణంలో అలాగే ఉండిపోయింది.
- 2007 ఫిబ్రవరి ఒప్పందం: సలహా అన్న మాట పోయింది. జాతీయ ప్రయోజనాల విషయంలో ఇద్దరూ దగ్గరగా సహకరించుకుంటారు, తమ భూభాగాన్ని ఎదుటివారి భద్రతకు హాని చేసే పనులకు వాడనివ్వరు అన్న మాటలు వచ్చాయి.

ఇప్పుడు 2017 డోక్లాం వైపు చూడండి. భూటాన్ తనదని చెప్పే చోట చైనా రోడ్డు వేయబోతే మన సైన్యం వెళ్లి అడ్డుకుంది. జూన్‌లో మొదలైన ఆ నిలదీత ఆగస్టు 28న ముగిసింది. అక్కడి నుంచి కిందికి దిగితే సిలిగురి కారిడార్. ఈశాన్య రాష్ట్రాలను మిగతా దేశంతో కలిపే సన్నని పట్టీ. మన సైన్యం అక్కడికెందుకు వెళ్లింది అన్న ప్రశ్నకు 2007 ఒప్పందం ఎదురుగా ఉంటే జవాబు మీరే రాయగలరు. 2003 డిసెంబరులో భూటాన్ సైన్యం తన అడవుల్లో దాక్కున్న ఉల్ఫా, బోడో మిలిటెంట్ల శిబిరాలను ఖాళీ చేయించిన సంగతి కూడా ఈ వరసలోదే. సహకారం ఒకవైపు నుంచే నడవలేదన్నమాట.

పాత పుస్తకాలు రెండు ఇక్కడ భలే పనికొస్తాయి. కాపీరైట్ తీరిపోయినవి కాబట్టి ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. 1864లో బ్రిటిష్ దూతగా పునాఖా వెళ్లిన ఆష్లీ ఈడెన్‌కు అక్కడ ఘోర అవమానం జరిగింది. తిరిగొచ్చి ఆయన రాసిన నివేదికలో భూటాన్ ఒక అరాచక దేశం. ఆ ఏడాది చివరికే యుద్ధం వచ్చింది. ఇక జాన్ క్లాడ్ వైట్ 1909లో వేసిన పుస్తకం తీయండి. ఆయన 1907 పట్టాభిషేకానికి హాజరైన అధికారి, కొత్త రాజుకు స్నేహితుడు. ఆ పుస్తకంలో భూటాన్ మర్యాదస్తుల దేశం. ఇద్దరూ ఒకే సర్కారు అధికారులే, మధ్య గడిచింది నలభై ఐదేళ్లే. సర్కారు అవసరం మారింది, దాంతో పాటు రాతలో దేశం కూడా మారింది. ఈ రెండూ పది పది పేజీలు చదివినా చాలు, ఇవాళ ఏ ప్రభుత్వ ప్రకటన చూసినా ‘ఇప్పుడు ఈ మాట ఎందుకు అంటున్నారు?’ అని మీకే తోస్తుంది.

మనవాళ్ల వైపు నుంచి నారీ రుస్తుంజీ ఉన్నారు. ఐసీఎస్ అధికారి, సిక్కింలో దివాన్‌గా చేశారు, భూటాన్ రాజకుటుంబాన్ని దగ్గర నుంచి ఎరిగినవారు. 1978లో వచ్చిన ఆయన పుస్తకం ‘భూటాన్: ది డ్రాగన్ కింగ్‌డమ్ ఇన్ క్రైసిస్’ 1964లో ప్రధాని జిగ్మే పాల్డెన్ దోర్జీ హత్య చుట్టూ నడుస్తుంది. ప్రశాంత దేశం అన్న బొమ్మ వెనక ఎంత రాజకీయం ఉందో తెలుస్తుంది. ఇంకా తేలికగా, ఇప్పటి కాలానికి దగ్గరగా కావాలంటే ఒమైర్ అహ్మద్ రాసిన ‘ది కింగ్‌డమ్ ఎట్ ద సెంటర్ ఆఫ్ ద వరల్డ్’ చదవండి. 2013లో వచ్చింది. టిబెట్, నేపాల్, సిక్కిం, భారత్, చైనా కథల మధ్యలో భూటాన్‌ను పెట్టి చెబుతుంది.

ఇంజినీరింగ్ వాళ్లకు: కరెంటు కథ

భూటాన్ ఖజానాకు ప్రాణం నీళ్లు. 1974లో ఒప్పందం కుదిరిన 336 మెగావాట్ల చుఖా ప్రాజెక్టును పూర్తిగా భారత్ డబ్బుతోనే కట్టారు. అందులో 60 శాతం గ్రాంటు, 40 శాతం అప్పు. 2019లో మొదలైన 720 మెగావాట్ల మాంగ్‌దేచు దగ్గరికి వచ్చేసరికి లెక్క తిరగబడింది. 30 శాతం గ్రాంటు, 70 శాతం అప్పు. ‘సాయం’ అన్న ఒకే మాట కింద నలభై ఏళ్లలో ఎంత మారిందో చూశారా? భూటాన్ విదేశీ అప్పులో పెద్ద వాటా జలవిద్యుత్‌దే కావడానికి కారణం ఇదే. ఇప్పుడు టాటా పవర్, అదానీ లాంటి ప్రైవేటు కంపెనీలు కూడా ఒప్పందాలు చేసుకుని ఈ రంగంలోకి దిగాయి. ప్రభుత్వం, ప్రభుత్వం మధ్య నడిచిన పని వ్యాపారం వైపు జరుగుతోంది.

సాంకేతికంగానూ ఇది మంచి కేస్ స్టడీ. ఈ ప్రాజెక్టులు ఎక్కువగా ‘రన్ ఆఫ్ ద రివర్’ తరహావి. మన శ్రీశైలంలా నీళ్లు నెలల తరబడి నిలవచేసే పెద్ద రిజర్వాయర్ ఉండదు, ఏరు పారినంత కరెంటే. వానాకాలంలో భూటాన్ మనకు అమ్ముతుంది. చలికాలంలో ఏరు సన్నబడితే మన దగ్గరే కొంటుంది. ఇక 1,200 మెగావాట్ల పునాత్సాంగ్‌చు-1 సంగతి. 2008లో పనులు మొదలుపెట్టారు. 2013లో డ్యామ్ కట్టే చోట కుడి గట్టు కొండ జారింది. పని ఏళ్ల తరబడి నిలిచిపోయింది, అంచనా వ్యయం రెండింతలు దాటింది. సివిల్ వాళ్లు జియాలజీ సబ్జెక్టును ఎందుకు తేలిగ్గా తీసుకోకూడదో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

కంప్యూటర్స్ వాళ్లకూ ఇందులో పాఠం ఉంది. భూటాన్ ప్రభుత్వ పెట్టుబడుల సంస్థ డ్రుక్ హోల్డింగ్ జలవిద్యుత్‌తో బిట్‌కాయిన్ మైనింగ్ చేస్తోంది. కరెంటును తీగల మీద అమ్మే బదులు కంప్యూటర్ల ద్వారా అమ్మడం అనుకోండి. 2021 జులైలో మన భీమ్ యూపీఐ ఆ దేశంలో మొదలైంది. 2022 నవంబరు 26న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సీ54 మోసుకెళ్లిన ఉపగ్రహాల్లో భారత్-భూటాన్ కలిసి చేసిన ఐఎన్ఎస్-2బీ ఒకటి. రైలు మార్గాల్లో ఒకటి చేరే గెలెఫులోనే 2023 డిసెంబరులో భూటాన్ రాజు ‘మైండ్‌ఫుల్‌నెస్ సిటీ’ ప్రకటించారు. అస్సాం సరిహద్దులో ప్రత్యేక పాలనతో కొత్త నగరం. చదువుకున్న కుర్రాళ్లను దేశంలో నిలుపుకోవడం దాని లక్ష్యాల్లో ఒకటి. రైలు ఎందుకు అన్న ప్రశ్నకు జవాబులో సగం ఇక్కడుంది, మిగతా సగం సిలిగురి కారిడార్‌లో ఉంది.

ఆనందం లెక్కలో లేనివాళ్లు

స్థూల జాతీయ ఆనందం అన్న ఆలోచన 1970ల నాటిది, నాలుగో రాజుది. 2008 రాజ్యాంగం తొమ్మిదో అధికరణంలో చోటు దక్కింది. తొమ్మిది రంగాలు, 33 సూచికలతో సర్వే చేస్తారు. 2015లో సూచీ 0.756, 2022లో 0.781. పరీక్షల్లో చాలామంది పప్పులో కాలేసేది ఒకచోటే. ఇది వేరు, ‘వరల్డ్ హ్యాపీనెస్ రిపోర్ట్’ వేరు. రెండో దానిలో 2019లో భూటాన్ స్థానం 95. ‘ప్రపంచంలో అత్యంత ఆనందమైన దేశం భూటాన్’ అని రాస్తే అది తప్పు.

ఇప్పుడు అసలు సంగతి. దక్షిణ భూటాన్‌లో నేపాలీ మాట్లాడే ల్హోత్షాంపాలు ఉన్నారు. 1985 పౌరసత్వ చట్టం కింద 1958 నాటికి దేశంలో ఉన్నట్టు కాగితం చూపమన్నారు. 1989లో ఉత్తరాది వేషం ఘో, కీరా అందరికీ తప్పనిసరి చేశారు, బడుల్లో నేపాలీ తీసేశారు. 1990లో నిరసనలు, ఆ తర్వాత అణచివేత. లక్ష మందికి పైగా తూర్పు నేపాల్ శిబిరాల్లో పడ్డారు. నేపాల్, భూటాన్ ఎన్నిసార్లు మాట్లాడుకున్నా వాళ్లు తిరిగి వెళ్లలేకపోయారు. 2007 చివరి నుంచి లక్ష మందికి పైగా వేరే దేశాలకు పంపకం జరిగింది. ఎక్కువమంది అమెరికా చేరారు. ఏడున్నర లక్షల దేశంలో లక్ష అంటే ఎంత పెద్ద సంఖ్యో మీరే లెక్కేయండి. రాజు ప్రజాస్వామ్యం ఇచ్చాడన్న కథ పూర్తి నిజం కాదని పైన అన్నది ఇందుకే. 2008లో ఓటు వేయడానికి వీళ్లు దేశంలో లేరు.

దీని మీద తప్పక చదవాల్సింది మైకేల్ హట్ రాసిన ‘అన్‌బికమింగ్ సిటిజెన్స్’. 2003లో వచ్చింది. శిబిరాల్లోని మనుషుల మాటలూ, చట్టాల పాఠాలూ రెండూ ఉంటాయి. దీనితో పాటు నాలుగో రాజు రాణుల్లో ఒకరైన ఆషి దోర్జీ వాంగ్మో వాంగ్‌చుక్ పుస్తకం ‘ట్రెజర్స్ ఆఫ్ ద థండర్ డ్రాగన్’ కూడా చదవండి. 2006లో వచ్చింది. ఊరూరా కాలినడకన తిరిగి రాసిన ప్రేమ నిండిన పుస్తకం. రాజకుటుంబానికి దేశం ఎట్లా కనిపిస్తుందో అందులో తెలుస్తుంది. రెంటిలో ఏదో ఒకటి అబద్ధం అని తేల్చేయకండి. 1975లో సిక్కిం భారత్‌లో కలిసిపోవడం, 1980లలో గూర్ఖాలాండ్ ఉద్యమం చూసి భూటాన్ పాలకులు భయపడ్డారు. ఆ భయం నిజమే. ఆ భయానికి తరాలుగా అక్కడే సేద్యం చేసుకున్న కుటుంబాలు మూల్యం చెల్లించడమూ నిజమే. మెయిన్స్ జవాబులో ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన రాయగలిగితే దిద్దేవాళ్లకు మీరు చదివినోళ్లని తెలుస్తుంది.

అక్కడి కుర్రాళ్లూ మనలాంటోళ్లే

భూటాన్‌లో 2022లో యువత నిరుద్యోగం పాతిక శాతం దాటింది. టీచర్లు, నర్సులు, ప్రభుత్వోద్యోగులు వేల సంఖ్యలో ఆస్ట్రేలియా బాట పట్టారు. డిగ్రీ చేతిలో ఉంది, ఊళ్లో తగిన ఉద్యోగం లేదు. ఆదోని, కోసిగి వైపు పంటలు పోతే ఊళ్లకు ఊళ్లు గుంటూరు వైపు మిరప కోతలకు సుగ్గికి పోవడం మనం చూస్తున్నదే. చదువుకున్నవాళ్లు బెంగళూరు, హైదరాబాద్ బస్సెక్కడమూ చూస్తున్నాం. అక్కడ కొండలు, ఇక్కడ నల్లరేగడి. ఇల్లు వదలాల్సి రావడం మాత్రం ఒకటే. తేడా ఒకటుంది. మన పడమటి మండలాల నుంచి కొన్ని వేల మంది పోతే రాష్ట్రం లెక్కలో కనపడదు, భూటాన్‌లో అంతమంది పోతే బడుల్లో పంతుళ్ల కొరత వస్తుంది.

ఈ సంగతి తెలియాలంటే ముందు ఒక సినిమా చూడండి. పావో చోయ్‌నింగ్ దోర్జీ తీసిన ‘లునానా: ఎ యాక్ ఇన్ ద క్లాస్‌రూమ్’. 2022లో ఆస్కార్ తుది జాబితాకు చేరిన తొలి భూటాన్ సినిమా. ఆస్ట్రేలియా పోవాలని కలలు కనే కుర్ర టీచర్‌ను మారుమూల కొండ బడికి వేస్తారు. సర్కారు కొలువు వద్దని విదేశం పోవాలనుకునే వాడిని సినిమా తప్పుపట్టదు. అది దాని గొప్పదనం.

తర్వాత కున్‌జాంగ్ చోడెన్ నవల ‘ది సర్కిల్ ఆఫ్ కర్మ’. 2005లో వచ్చింది. భూటాన్ మహిళ ఇంగ్లిష్‌లో రాసిన తొలి నవలగా పేరుంది. ఆడపిల్లవని చదువు నిరాకరించిన త్సోమో ఇల్లు వదిలి, రోడ్డు పనుల కూలీగా బతుకుతుంది. మన దేశం డబ్బుతో భూటాన్‌లో తొలి మోటారు రోడ్లు పడిన కాలం అది. 1961లో మొదలైన వాళ్ల తొలి పంచవర్ష ప్రణాళిక ఖర్చు మొత్తం భారత్ భరించింది. ప్రస్తుత 13వ ప్రణాళికకు మనం ఇస్తానన్నది రూ.10 వేల కోట్లు. ఈ అంకెల కింద రాళ్లు కొట్టిన మనుషులు నవలలో కనిపిస్తారు.

బయటివాళ్ల పుస్తకాల్లో కెనడా యువతి జేమీ జెప్పా రాసిన ‘బియాండ్ ద స్కై అండ్ ద అర్త్’ ఎంచుకోండి. 1980ల చివర్లో తూర్పు భూటాన్‌లో టీచర్‌గా, ఆ తర్వాత షెరుబ్త్సే కాలేజీలో పనిచేసిన అనుభవం. మొదట్లో అన్నీ అద్భుతంగా కనిపిస్తాయి. తర్వాత క్యాంపస్‌లో నేపాలీ మాట్లాడే విద్యార్థులకూ మిగతావాళ్లకూ మధ్య దూరం పెరగడం చూస్తుంది. హట్ పుస్తకంలో చట్టంగా చదివినది ఇక్కడ తరగతి గదిలో కనిపిస్తుంది. ఎమ్మిగనూరు మగ్గాల మధ్య పెరిగినవాళ్లకు ఇంకోటి చెప్పాలి. 1994లో వచ్చిన ‘ఫ్రమ్ ద లాండ్ ఆఫ్ ద థండర్ డ్రాగన్’ భూటాన్ నేతను బొమ్మలతో చూపించే పుస్తకం. కీరా నేసేది ఇళ్లలోని ఆడవాళ్లు. చేనేత, టెక్స్‌టైల్ డిజైన్ చదివేవాళ్లకు ప్రాజెక్టు ఆలోచన దొరుకుతుంది.

ఆరు వారాల ప్లాన్

పైన చెప్పినవన్నీ కొంటే జేబు ఖాళీ అవుతుంది. కొనాల్సింది ఒకటో రెండో. జర్నల్ ఆఫ్ భూటాన్ స్టడీస్ వ్యాసాలు, భూటాన్ రాజ్యాంగం, 1949, 2007 ఒప్పందాలు, ఈడెన్, వైట్ పాత పుస్తకాలు ఆన్‌లైన్‌లో ఉచితం. కర్నూలు జిల్లా కేంద్ర గ్రంథాలయంలో మెంబర్ అయి, కావాల్సిన పుస్తకం తెప్పించమని రాతపూర్వకంగా అడగండి. నలుగురు స్నేహితులు తలా ఒకటి కొని మార్చుకున్నా పని అవుతుంది.

- మొదటి వారం: నాలుగు ఒప్పందాలు. రెండో అధికరణం ఎట్లా మారిందో ఒక పేజీలో తెలుగులో రాయండి.
- రెండు, మూడు వారాలు: కర్మ ఫుంత్షో పుస్తకంలో మూడు మలుపులు.
- నాలుగో వారం: హట్ నుంచి రెండు అధ్యాయాలు, రాణి పుస్తకం నుంచి రెండు అధ్యాయాలు.
- ఐదో వారం: జలవిద్యుత్ లెక్కలు. గ్రాంటు, అప్పు నిష్పత్తితో చిన్న పట్టిక వేసుకోండి.
- ఆరో వారం: ‘లునానా’ సినిమా, ‘సర్కిల్ ఆఫ్ కర్మ’ నవల. అలసిపోయిన బుర్రకు విశ్రాంతి కూడా.

వీటిలో దాదాపు అన్నీ ఇంగ్లిష్ పుస్తకాలే. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు భయపడాల్సిన పని లేదు. రోజుకు పది పేజీలు పెట్టుకోండి. ప్రతి పేజీకి తెలుగులో ఒక వాక్యం రాయండి. మాట అర్థం కాకపోయినా వాక్యం అర్థమైతే ముందుకు పోండి. ఏఐ చాట్‌బాట్‌ను సారాంశం అడగడం తప్పు కాదు, కానీ అది చెప్పిన ఏ ఏడాదైనా, ఏ అధికరణమైనా అసలు పత్రంతో సరిచూసుకోకుండా నోట్సులో ఎక్కించకండి. ఒప్పందాల అధికరణాలు, ప్రాజెక్టుల మెగావాట్లు అది నమ్మకంగా తప్పు చెప్పే చోట్లు.

మీకోసం ప్రాక్టీసు ప్రశ్నలు

1. 1949, 2007 ఒప్పందాల్లో రెండో అధికరణం మార్పు భారత్-భూటాన్ సంబంధాల స్వభావాన్ని ఎట్లా మార్చింది? (150 పదాలు)
2. జలవిద్యుత్ సహకారం భూటాన్‌కు ఆదాయమా, అప్పా? గ్రాంటు, రుణ నిష్పత్తుల ఆధారంగా చర్చించండి. (250 పదాలు)
3. స్థూల జాతీయ ఆనందం గురించి మాట్లాడే దేశం నుంచి యువత వలస ఎందుకు పెరుగుతోంది? మీ ప్రాంతపు వలసతో పోల్చండి. (వ్యాసం)

సివిల్స్ మెయిన్స్ జనరల్ స్టడీస్ రెండో పేపర్లో భారత్-పొరుగు దేశాల సంబంధాలు సిలబస్‌లోనే ఉన్నాయి. గ్రూప్-1 రాసేవాళ్లకూ మూడో ప్రశ్న లాంటివి వ్యాసంగా పనికొస్తాయి. ప్రైవేటు ఉద్యోగాల వైపు వెళ్లేవాళ్లకూ ఈ అలవాటు వృథా పోదు. ఒక కంపెనీలో చేరేముందు దాని వెబ్‌సైట్ ఒక మాట చెబుతుంది, బ్యాలెన్స్ షీట్ ఒకటి చెబుతుంది, మానేసి పోయినవాళ్లు ఇంకొకటి చెబుతారు. మూడూ విని నిర్ణయం తీసుకోవడానికి భూటాన్ అంత చిన్న దేశం మీద చేసిన సాధన చాలు. ఈ ఆదివారం 2007 ఒప్పందం డౌన్‌లోడ్ చేసుకోండి. మొత్తం చదవడానికి పావుగంట కూడా పట్టదు.